ఎం అంటే మెసియే

కార్తీక మాసంలో చీకటి పడ్డాక తూర్పు వైపు చూస్తే గుప్పెడు చుక్కలు ఒకేచోట పోసినట్టు కనిపిస్తాయి. పంచాంగంలో అవి కృత్తికలు. పల్లెల్లో పిల్లలకోడి. ఇంగ్లీషులో ప్లైయడీస్. జపాన్‌వాళ్లు సుబారు అంటారు, ఆ పేరుతో ఉన్న కారు లోగో మీద చుక్కలు ఇవే. ఒక్క గుంపుకి ఇన్ని పేర్లు, ఏ పేరు ఎవరికి అర్థమవుతుందో చెప్పలేం. కానీ ఎం45 అని చెప్పండి, చిలీలో టెలిస్కోప్ దగ్గర కూర్చున్నవాళ్లకీ తెలుస్తుంది, ఫ్రాన్స్‌లో ఉన్న డేటాబేస్ సర్వర్‌కీ తెలుస్తుంది.

ఆ ఎం అనే అక్షరం ఒక మనిషి ఇంటిపేరు. షార్ల్ మెసియే. మన పుస్తకాల్లో కొన్నిచోట్ల మెస్సియర్ అని కూడా రాస్తారు.

రీసెర్చ్ పేపర్ల మొదటి పేజీలో డీఓఐ అని ఒక పొడవాటి నంబరు ఉంటుంది, చూసే ఉంటారు. ఇప్పుడు పేపర్లతో పాటు డేటాసెట్లకీ అలాంటి నంబర్లు ఇస్తున్నారు. పర్సిస్టెంట్ ఐడెంటిఫయర్ అంటే అదే, వస్తువు ఎక్కడికి మారినా తను మారని గుర్తింపు. ఇదంతా ఇంటర్నెట్ వచ్చాక పుట్టిన తలనొప్పి అనుకుంటాం గానీ, ఆకాశం చూసేవాళ్లకి ఈ తలనొప్పి చాలా పాతది. దానికి అందరికంటే ఎక్కువ కాలం నిలబడిన మందుల్లో ఒకటి ఇచ్చినవాడు మెసియే. తమాషా ఏమిటంటే ఆయనకి ఆ ఉద్దేశమే లేదు. ఆయనకి కావలసింది తోకచుక్కలు.

మెసియే 1730 జూన్ 26న లొరేన్ ప్రాంతంలోని బాదోంవిలేర్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పన్నెండు మంది సంతానంలో పదోవాడు. వాళ్లలో ఆరుగురు చిన్నతనంలోనే పోయారు. తనకి పదకొండేళ్లప్పుడు తండ్రి పోయాడు. ఆ తర్వాత అన్న ఇయసేంత్ దగ్గర పెరిగాడు. కాగితాలు సర్దడం, లెక్కలు రాయడం, చక్కగా నకలు తీయడం అన్నీ అన్న నేర్పినవే. పదమూడేళ్ల వయసులో, 1744లో, ఆరు తోకలతో ఒక పెద్ద తోకచుక్క వచ్చింది. 1748లో సూర్యగ్రహణం చూశాడు. అప్పటికే ఆకాశం పిచ్చి పట్టేసింది.

1751లో ఇరవయ్యొక్కేళ్ల వయసులో పారిస్ చేరాడు. నౌకాదళ ఖగోళ శాస్త్రజ్ఞుడు జోసెఫ్ నికొలా దెలీల్ దగ్గర ఉద్యోగం. ఆ ఉద్యోగం వచ్చింది గణితం చూసి కాదు, దస్తూరి చూసి. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. మొదటి పని ఏమిటో తెలుసా? చైనా మ్యాపుకి నకలు గీయడం. దెలీల్ అబ్జర్వేటరీ ఒతెల్ ద క్లూనీ అనే పాత భవనం పైన ఉండేది. ఇప్పుడు అది మధ్యయుగాల మ్యూజియం, పారిస్ వెళ్లినవాళ్లు చూడొచ్చు.

దెలీల్ ఒక అలవాటు నేర్పాడు: ఏం చూసినా దాని కచ్చితమైన స్థానం, తేదీ రాసిపెట్టుకోవాలి. చూసినదాన్ని తర్వాత వచ్చేవాడు మళ్లీ వెతికి పట్టుకోగలగాలి అన్నమాట. ఈ రోజుల్లో మెటాడేటా అంటున్నది ఇదే. మెసియే ఆ అలవాటు జీవితాంతం వదల్లేదు.

అయితే ఆ గురువుగారే ఆయన్ని నిలువునా ముంచాడు కూడా. హేలీ తోకచుక్క 1758 ప్రాంతంలో తిరిగొస్తుందని ఎడ్మండ్ హేలీ చాలా ముందే లెక్కగట్టి చనిపోయాడు. అది ఆకాశంలో ఎక్కడ కనిపించొచ్చో దెలీల్ ఒక మ్యాపు గీసి ఇచ్చాడు. మ్యాపు తప్పు. మెసియే నెలల తరబడి ప్రతి తెరిపి రాత్రీ ఆ తప్పు దారిలోనే గాలించాడు. చివరికి 1759 జనవరి 21న అనుమానం వచ్చి మ్యాపుకి బయట చూస్తే దొరికింది. కానీ అప్పటికే, 1758 డిసెంబర్ 25న, జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర పాలిచ్ అనే రైతు దాన్ని చూసేశాడు. ఆ వార్త ఇంకా పారిస్‌కి రాలేదు. మెసియే కనీసం తను చూసిందైనా ప్రకటిద్దామంటే దెలీల్ ఒప్పుకోలేదు. ఏప్రిల్ 1 దాకా నోరు కట్టేశాడు. తీరా ప్రకటించాక, ఇన్నాళ్లూ ఎందుకు దాచారని తోటి శాస్త్రజ్ఞులు నమ్మలేదు. ఈ ఘట్టం చదివినప్పుడల్లా, పబ్లిష్ చేయని డేటా ఉన్నా లేనట్టే అన్న సంగతి ఆయన కంటే బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు అనిపిస్తుంది.

ఆ వెతుకులాటలోనే అసలు కథ మొదలైంది. 1758 ఆగస్టులో ఆయన వేరే తోకచుక్కని వెంబడిస్తున్నాడు. ఆగస్టు 28 రాత్రి వృషభరాశిలో, ఎద్దు కొమ్ము చివర ఉండే నక్షత్రం పక్కన, మసక మచ్చ ఒకటి కనబడింది. తోకచుక్కలు మొదట్లో అలాగే ఉంటాయి, తోక గీక ఏమీ ఉండదు, తడి వేలితో తుడిచిన మచ్చలాగా ఉంటాయి. మరునాడు చూశాడు, ఆ తర్వాత చూశాడు. తోకచుక్క అయితే జరగాలి, ఇది ఉన్నచోటే ఉంది. సెప్టెంబర్ 12న దాని స్థానం కొలిచి పుస్తకంలోకి ఎక్కించాడు. అదే ఎం1. దాన్ని 1731లోనే జాన్ బెవిస్ అనే ఇంగ్లీషాయన చూశాడు, ఆ సంగతి తెలిశాక మెసియే ఒప్పుకున్నాడు.

అలా ఆయన జాబితా, ఒక రకంగా, పనికిరానివాటి జాబితా. తోకచుక్కల వేటలో మోసం చేసే మచ్చలన్నిటినీ ఒకచోట రాసిపెడితే, ఇంకెవరూ వాటి మీద రాత్రులు వృథా చేసుకోరు కదా అని. 1764లో ఒక్క వేసవి, శరత్తుల్లోనే ఎం3 నుంచి ఎం40 దాకా పూర్తి చేశాడు. 1769 మార్చిలో ఇంకొన్ని కలిపాడు. ఎం42 మన గొల్లకావడి కింద కంటికే కనిపించే నీహారిక, ఎం44 పుష్యమి నక్షత్రం దగ్గరుండే గుంపు, ఎం45 పిల్లలకోడి. వీటిని తోకచుక్కలని ఎవరూ పొరబడరు. లకాయ్ అనే మరో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడి జాబితాలో 42 ఉంటే తనది అంతకంటే ఎక్కువ ఉండాలని కలిపాడని కొందరంటారు. మనిషన్నాక ఆ మాత్రం ఉంటుంది. ఈ 45తో మొదటి జాబితా 1774లో అచ్చయింది. 1780లో 68 అయ్యాయి, 1781లో 103.

ఇక్కడ కాస్త ఆగి ఆ నంబర్లని ఇంజినీరింగ్ కళ్లతో చూద్దాం. మెసియే నంబరుకి అర్థం లేదు. ఏది ముందు నమోదైతే దానికి ముందు నంబరు, అంతే. ఎం31 గెలాక్సీ, ఎం13 నక్షత్రాల గుచ్ఛం, ఎం27 చచ్చిపోతున్న నక్షత్రం వదిలిన వాయువు. ఆ సంగతులేవీ ఆ రోజుల్లో ఎవరికీ తెలియవు. నంబరులో అవేవీ దాచలేదు కాబట్టి తర్వాత నిజం తెలిసినప్పుడు నంబరు మార్చాల్సిన పని రాలేదు.

మన హాల్ టికెట్ నంబరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందులో చేరిన ఏడు ఉంటుంది, కాలేజీ కోడు ఉంటుంది, బ్రాంచి కోడు ఉంటుంది. మధ్యలో 05 చూడగానే సీఎస్ఈ అని చెప్పేస్తాం. సౌకర్యమే. కానీ నంబరు ఇచ్చేశాక మనిషి బ్రాంచి మారితే ఆ నంబరు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. ఆధార్ నంబరులో ఊరూ ఉండదు, వయసూ ఉండదు. ఇల్లు మారినా నంబరు మారదు.

సరిగ్గా ఈ తేడానే మెసియే తర్వాతివాళ్లకి ఎదురైంది. 1781 జాబితా ఇంగ్లండులో విలియం హెర్షెల్ చేతికి వచ్చింది. ఆయన దగ్గర చాలా పెద్ద టెలిస్కోప్‌లున్నాయి. చెల్లెలు కరొలిన్ పక్కన కూర్చుని రాస్తుంటే ఇరవై ఏళ్లలో దాదాపు 2500 వస్తువులు నమోదు చేశాడు. నంబర్లు ఇవ్వడంలో మాత్రం తెలివికి పోయాడు. వెలుగునిచ్చే నీహారికలకి ఒక తరగతి, మసకవాటికి రెండు, మరీ మసకవాటికి మూడు, ఇలా ఎనిమిది తరగతులు చేసి తరగతిని నంబరులోనే పెట్టాడు. తరువాతి కాలంలో అవి ఏమిటో తెలిసేసరికి ఆ తరగతులకి అర్థం లేకుండా పోయింది. వాటితో పాటు నంబర్లూ వాడుక తప్పాయి. 1888లో డ్రెయర్ 7840 వస్తువులతో ఎన్‌జీసీ అనే కేటలాగ్ చేశాడు. ఆయన ఆకాశంలో పడమర నుంచి తూర్పుకి వరసగా, 1860 నాటి స్థానాల ప్రకారం, నంబర్లు వేశాడు. ఇదీ నిలవలేదు. పంచాంగాల్లో అయనాంశ అని ఉంటుంది చూడండి, భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడం వల్ల నక్షత్రాల కొలతలు ఏటేటా కొంచెం జరుగుతాయి. దాంతో ఇప్పుడు చాలాచోట్ల ఎన్‌జీసీ వరస తప్పింది. అయితే డ్రెయర్ నంబరులో స్థానం అంకెలుగా లేదు, వరస మాత్రమే ఉంది. అందుకని వరస పోయినా నంబరు బతికింది. పల్సర్లకి స్థానాన్నే పేరుగా పెట్టారు. ఎం1 మధ్యలో ఉన్న పల్సర్‌కి 1950 లెక్క ప్రకారం బీ0531+21 అని ఒక పేరు, 2000 లెక్క ప్రకారం జే0534+2200 అని ఇంకో పేరు. వస్తువు కదల్లేదు, కొలబద్ద కదిలింది, పేర్లు రెండయ్యాయి.

మళ్లీ మెసియే దగ్గరికి వద్దాం.

ఆయన్ని ఫ్రెంచి రాజు పదిహేనో లూయీ ముద్దుగా తోకచుక్కల ఫెరెట్ అని పిలిచేవాడట. ఫెరెట్ అంటే మన ముంగిసలా కలుగుల్లో దూరి వేటాడే జంతువు. లండన్ రాయల్ సొసైటీ 1764లోనే సభ్యత్వం ఇచ్చింది. సొంత దేశపు అకాడమీ మాత్రం 1770 దాకా తీసుకోలేదు. అకాడమీ పెద్దల దృష్టిలో ఆయన చూసేవాడు, లెక్కగట్టేవాడు కాడు. నిజమే, తోకచుక్క కక్ష్య లెక్కించడం ఆయనకి రాదు, ఆ పని స్నేహితులు చేసిపెట్టేవారు. 1770లో ఆయన కనిపెట్టిన ఒక తోకచుక్క ఆ ఏడు జులై 1న భూమికి దాదాపు 22 లక్షల కిలోమీటర్ల దగ్గరికి వచ్చింది. నమోదైన చరిత్రలో అంత దగ్గరికి వచ్చిన తోకచుక్కలు బహు అరుదు. దానికి ఎవరి పేరు వచ్చిందనుకున్నారు? కక్ష్య లెక్కగట్టిన లెక్సెల్ పేరు. మెసియే జీవితంలో 20 దాకా తోకచుక్కలు పట్టాడు, వాటిలో 13 అందరికంటే ముందు చూసినవి. వాటిలో ఒక్కటి పేరు చెప్పమంటే మనలో ఎవరూ చెప్పలేం.

1770లోనే పెళ్లయింది. 1772 మార్చి 15న కొడుకు పుట్టాడు. 23న భార్య మారీ ఫ్రాన్స్వాజ్ చనిపోయింది, 26న పసివాడూ పోయాడు. అదే నెలలో లిమోజ్ పట్టణంలో మోంతాన్ అనే ఆయన ఒక కొత్త తోకచుక్కని చూశాడు. భార్య పోయినందుకు పలకరించడానికి వచ్చినవాళ్ల దగ్గర మెసియే తోకచుక్క చేజారిందని ఏడ్చాడని పారిస్‌లో ఒక కథ పుట్టింది. లా ఆర్ప్ అనే రచయిత దాన్ని ప్రచారంలో పెట్టాడు. ఇప్పటికీ ఆయన గురించి రాసే ప్రతివాడూ ఆ కథ చెప్పి నవ్విస్తాడు. నాకు మాత్రం నవ్వు రాదు. పదకొండు రోజుల్లో ఇద్దరినీ పోగొట్టుకున్న మనిషి మీద పుట్టించిన పుకారు అది, నిజమని చెప్పే ఆధారం ఏదీ లేదు. మంచి కథ అయితే చాలు, ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. దానికి ఏ ఐడెంటిఫయరూ అక్కర్లేదు.

తర్వాత పియేర్ మెషేన్ అనే కుర్రవాడు తోడయ్యాడు. గణితం కూడా బాగా వచ్చినవాడు. ఇద్దరికీ మంచి స్నేహం. మెషేన్ చూసినవాటిని మెసియే సరిచూసి తన జాబితాలో పెట్టేవాడు, చూసింది ఎవరో పేరుతో సహా రాసేవాడు. పోటీ ఉన్న రంగంలో ఇది చిన్న విషయం కాదు. 1781 జాబితా అచ్చుకి వెళ్లే తొందరలో మెషేన్ చెప్పిన చివరి మూడింటిని, అంటే 101, 102, 103ని, సరిచూడకుండానే చేర్చారు. రెండేళ్లకి, 1783లో, మెషేన్ బెర్లిన్‌కి ఒక ఉత్తరం రాస్తూ 102 తన పొరపాటనీ, అది 101నే మళ్లీ చూడటమనీ చెప్పాడు. కానీ కొందరు ఒప్పుకోలేదు. తిమింగలమంత కేటలాగుల్లో వెతికి, అది ఎన్‌జీసీ 5866 అనే వేరే గెలాక్సీ అని వాదించారు. 240 ఏళ్లు దాటాయి, జాబితాలు ఇప్పటికీ రెండు రకాలుగానూ ఉన్నాయి.

ఇంతకంటే ఆసక్తికరమైనవి తప్పిపోయిన నంబర్లు. ఎం47, ఎం48, ఎం91 చోట్ల మెసియే రాసిన స్థానంలో చూస్తే ఆకాశం ఖాళీ. ఎం47 విషయంలో పక్కనున్న నక్షత్రం నుంచి దూరం కొలిచి, కూడాల్సినచోట తీసేశాడు, ప్లస్సు మైనస్ తారుమారు. ఎం91 కొలిచింది ఒక మచ్చ నుంచి, కొలిచాననుకుంది ఇంకో మచ్చ నుంచి. మన ల్యాబ్ రికార్డుల్లో జరిగేలాంటివే. కానీ ఆయన తేదీ రాశాడు, ఏ వస్తువు నుంచి కొలిచాడో రాశాడు, వర్ణన రాశాడు. అందుకే తర్వాతివాళ్లు తప్పుని వెనక్కి నడిపించి సరిచేయగలిగారు. ఎం47 ఇరవయ్యో శతాబ్దంలో దొరికింది. ఎం91 చిక్కుముడిని 1969లో టెక్సస్‌లో ఒక అమెచ్యూర్ విప్పాడు. ఒట్టి నంబరు ఒక్కటే ఉండి ఉంటే అవి శాశ్వతంగా పోయేవి.

ఎం40 కథ ఇంకో రకం. పాతకాలపు హెవెలియస్ అక్కడ నీహారిక ఉందన్నాడు. మెసియే వెళ్లి చూస్తే పక్కపక్కన రెండు నక్షత్రాలు తప్ప ఏమీ లేవు. అయినా నంబరు ఇచ్చి, అక్కడ ఉన్నది ఏమిటో రాశాడు. దాన్ని ఎవరూ తీసెయ్యలేదు, ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వలేదు. ఇవాళ డీఓఐ పద్ధతిలోనూ అంతే. డేటాసెట్‌ని వెనక్కి తీసుకున్నా నంబరు తీసెయ్యకూడదు, ఆ నంబరు నొక్కితే ఇక్కడ ఫలానాది ఉండేది, ఫలానా కారణంతో తీశాం అని ఒక పేజీ కనిపించాలి. దానికి వాళ్లు పెట్టిన పేరు టూంబ్‌స్టోన్, అంటే సమాధి రాయి.

1781 నవంబర్ 6న మెసియే స్నేహితుడు బొషార్ ద సరోన్ కుటుంబంతో పారిస్‌లోని మోన్సో పార్కులో తిరుగుతున్నాడు. గుహలాంటిదేదో ఉందని తలుపు దాటి అడుగు వేశాడు. అది ఐసు నిల్వ చేసే గొయ్యి. 25 అడుగుల లోతున పడ్డాడు. చెయ్యి, తొడ, మణికట్టు, రెండు పక్కటెముకలు విరిగాయి. ఏడాది పాటు టెలిస్కోప్ దగ్గరికి రాలేదు. వచ్చిన మొదటి నవంబర్లోనే బుధుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని చూశాడు.

ఈ సరోన్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. పెద్ద న్యాయాధికారి, డబ్బున్నవాడు, టెలిస్కోప్‌ల పిచ్చివాడు, గణితంలో దిట్ట. మెసియే తోకచుక్కలకి కక్ష్యలు లెక్కకట్టి ఇచ్చేది ఎక్కువగా ఆయనే. ఫ్రెంచి విప్లవం వచ్చింది. మెసియేకి నౌకాదళం జీతం ఆగిపోయింది, దీపానికి నూనె కూడా లలాంద్ అనే సహశాస్త్రజ్ఞుడి దగ్గర అప్పు తెచ్చుకునే స్థితి. అయినా 1793 సెప్టెంబర్‌లో ఒక తోకచుక్క పట్టాడు. సూర్యుడి వెనక్కి వెళ్లిపోయింది, మళ్లీ ఎక్కడ తేలుతుందో లెక్కించాలి. సరోన్ అప్పటికి జైల్లో ఉన్నాడు. మెసియే కొలతలు జైలుకి చేరాయి. సరోన్ అక్కడే కూర్చుని లెక్క చేశాడు. ఆయన చెప్పిన దారిలోనే డిసెంబర్ చివర్లో తోకచుక్క కనిపించింది. ఆ కబురుని మెసియే జైల్లోకి రహస్యంగా పంపాడు. 1794 ఏప్రిల్ 20న సరోన్‌ని గిలెటిన్ ఎక్కించారు.

ఆ తర్వాతి జీవితం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 1806లో నెపోలియన్ చేతుల మీదుగా లీజియన్ ఆఫ్ ఆనర్ అందుకున్నాడు. దానికి బదులన్నట్టు, నెపోలియన్ పుట్టిన 1769లో వచ్చిన పెద్ద తోకచుక్కకీ ఆయన జననానికీ ముడిపెట్టి ఒక పుస్తకం రాశాడు. జీవితమంతా తోకచుక్కల్ని కొలిచినవాడు చివర్లో జాతకాలు చెప్పడం బాగాలేదు, అభిమానులం కూడా ఒప్పుకోవాల్సిందే. చూపు తగ్గింది. 1815లో పక్షవాతం వచ్చింది. 1817 ఏప్రిల్ 12న, 86 ఏళ్ల వయసులో, పారిస్‌లో చనిపోయాడు. జాబితాలో నంబర్లు అప్పటికి 103.

మిగతా ఏడూ ఇరవయ్యో శతాబ్దంలో చేరాయి. మెసియే సొంత ప్రతిలో చేత్తో రాసుకున్నవి, మెషేన్ ఉత్తరంలో ఉన్నవి వెతికి, ఫ్లామరియోన్ 1921లో ఎం104ని, హెలెన్ సాయర్ హాగ్ 1947లో 105 నుంచి 107 దాకా, గింగరిచ్ 1953లో 108, 109ని చేర్చారు. 1960ల్లో చేరిన 110తో ఆగింది.

ఇక యంత్రాల సంగతి. మసక మచ్చ, కొమ్ము పక్కన అంటే కంప్యూటర్‌కి అర్థం కాదు. దానికి పేరు కావాలి, ఆ పేరు ఏ వస్తువుదో చెప్పే పట్టిక కావాలి. ఆ పని చేయడానికి ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో 1972లో ఒక డేటా సెంటర్ పెట్టారు. మెసియే పుట్టిన ఊరికి వంద కిలోమీటర్లలోపే. వాళ్ల డేటాబేస్ పేరు సింబాద్. పేరు విప్పితే గుర్తింపులు, కొలతలు, గ్రంథసూచి అని వస్తుంది. అందులో ఎం1 అని అడిగితే ఎన్‌జీసీ 1952 అనీ, 3సీ 144 అనీ, టారస్ ఏ అనీ, ఆ ఒక్కదానికే ఉన్న పదుల కొద్దీ పేర్లన్నీ వస్తాయి. ఏ పేరుతో అడిగినా ఒకే వస్తువుకి చేరుస్తుంది. రేడియోవాళ్లు ఒక పేరుతో, ఎక్స్‌రేవాళ్లు ఇంకో పేరుతో రాసిన పేపర్లన్నీ ఒకచోట కలుస్తాయి. మనిషి నొక్కక్కర్లేదు, పైథాన్‌లో నాలుగు లైన్లు రాస్తే ప్రోగ్రామే అడిగి తెచ్చుకుంటుంది.

డీఓఐ కూడా ఇదే సూత్రం. 10తో మొదలయ్యే ఒక నంబరు, దాని వెనక ఒక పట్టిక, పట్టికలో ఇప్పటి చిరునామా. సర్వర్ మారితే పట్టికలో చిరునామా మారుస్తారు, నంబరు అలాగే ఉంటుంది. ప్రోగ్రామ్ అదే నంబరుని అడిగితే పేజీకి బదులు రచయితలు, తేదీ, లైసెన్సు, ఫార్మాట్ అన్నీ జేసన్‌లో ఇస్తుంది. డేటాసెట్లకి ఈ నంబర్లిచ్చే డేటాసైట్ సంస్థ 2009లో వచ్చింది. ఇక్కడ ఒక మాట: పట్టికని ఎవరో ఒకరు ఓపిగ్గా సరిచేస్తూ ఉంటేనే ఇదంతా. పర్సిస్టెంట్ అన్న గుణం నంబరులో లేదు, దాన్ని చూసుకునే మనుషుల్లో ఉంది.

పట్టికలోకి ఎక్కనిదాని గతి ఏమిటో తెలియాలంటే హైదరాబాద్ వైపు చూడాలి. 1887లో పారిస్‌లో మొదలైన ఒక అంతర్జాతీయ పథకంలో ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీశారు. అందులో దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల పట్టీ బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ చేసింది. లక్షల నక్షత్రాల స్థానాలు మనుషులు మైక్రోస్కోప్‌లో చూసి కొలిచి, సంపుటాలుగా అచ్చేశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు అన్ని దేశాల సంపుటాలూ అటకెక్కాయి. అచ్చు పుస్తకంలో అంకెల్ని కంప్యూటర్ చదవలేదు కదా. చివరికి వాటిని మళ్లీ మనుషులే టైపు చేసి, 1990ల్లో అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీ కొత్త కేటలాగుగా మార్చింది. ఉపగ్రహం కొలిచిన స్థానాల్ని ఈ పాత స్థానాలతో పోల్చి 25 లక్షల నక్షత్రాల కదలికలు తేల్చారు, 2000లో వచ్చిన టైకో-2 కేటలాగ్ అదే. బేగంపేటలో కొలిచిన అంకెలు అందులో పనికొచ్చాయి. మన కాలేజీల్లో సీనియర్లు సెన్సర్లు పెట్టి ఆరు నెలలు కూడగట్టిన రీడింగులు ఫైనల్ అనీ, ఫైనల్ న్యూ అనీ, ఫైనల్ లేటెస్ట్ అనీ ఫైళ్లుగా ఎవరి పెన్‌డ్రైవుల్లో ఉన్నాయో వాటికి ఆ అదృష్టం పడుతుందని నేననుకోను.

1781 మార్చి 18 రాత్రి మెసియే కన్యారాశి దగ్గర ఎనిమిది మచ్చలు రాసుకున్నాడు, 84 నుంచి 91 దాకా. తెల్లారేలోపు ఇంకోచోట 92 కూడా. 87 గురించి ప్రత్యేకంగా ఏమీ రాయలేదు, మిగతావాటిలాగే చుక్క లేని నీహారిక. 2017 ఏప్రిల్‌లో ప్రపంచం నలుమూలల రేడియో టెలిస్కోప్‌లు కలిసి అదే మచ్చ నడిబొడ్డుకి గురిపెట్టాయి. డేటా ఎంతుందంటే ఇంటర్నెట్‌లో పంపలేక హార్డ్‌డిస్కుల్ని విమానాల్లో వేసి పంపారు. 2019 ఏప్రిల్ 10న బయటికి వచ్చిన బ్లాక్‌హోల్ మొదటి చిత్రం ఎం87ది. ఆ చిత్రం వెనకున్న డేటాని డీఓఐతో అందరికీ విడుదల చేశారు, ఎవరైనా దించుకుని లెక్క మళ్లీ చేసి చూడొచ్చు. ఆ డేటాసెట్ పేరులోనూ ఎం87 అనే ఉంది.